ప్రతిభావంతులు ఎవరి బాధ్యత?

1959వ సంవత్సరం అక్టోబరు 10వ తేదీన నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఓరుగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసినారు. దేశంలో ఆ కోవకు చెందిన కళాశాలలన్నింటిలో అదే మొట్టమొదటిది. ఆ సంవత్సరమే ఈ నగరంలో కాకతీయ వైద్య కళాశాల కూడా ప్రారంభమైనది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలసినది. 2002లో ఇంజనీరింగు కళాశాల జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. హనుమకొండ, వరంగల్లు, కాజీపేట అనే మూడు ఊళ్లు కలిసిపోయిన ఈ నగరం ఒకప్పుడు కోటవల్ల, కవులవల్ల ప్రసిద్ధి పొందితే, ఈ అరవైయేండ్లకు పైబడిన కాలంలో కళాశాలలవల్ల ప్రసిద్ధి పొందినది. ఎక్కడెక్కడి రాష్ట్రాలనుండో యువకులు ఇక్కడికి చదువుకు వస్తున్నారు.

ఆ కళాశాలల ప్రహరీ గోడలకు ఎంతో దూరం లేకుండానే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు ఉన్నవి. నగరం దాటి పరకాల వైపు పోయినా, నర్సంపేట వైపు పోయినా, వర్ధన్నపేట వైపు పోయినా, ప్రతి పెద్ద ఊరిలోను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఒకటి కనిపిస్తుంది. ఆ పాఠశాలలో తరగతికంతకు మొదట నిలిచిన పిల్లవాడు, మొదట నిలిచిన ఆడపిల్ల, ఈ గోడలు దాటి లోపలికి రాగలుగుతున్నారా? రాగలిగినవారు తమ పాఠశాల పెట్టిన బలంతో వస్తున్నారా, లేక దానితో నిమిత్తం లేకుండా మరెవరో ఇచ్చిన బలంతో వస్తున్నారా? ఈ ప్రశ్నను మనం తరచుగా వేసుకోవడం లేదు. ప్రభుత్వ పాఠశాలల గదులను గూర్చి, బల్లలను గూర్చి, మరుగుదొడ్లను గూర్చి, ఉపాధ్యాయుల ఖాళీలను గూర్చి చర్చ ఎప్పుడూ ఉన్నదే, ఉండవలసినదే. కాని ఆ గదులలో కూర్చున్న తెలివైన విద్యార్థి సంగతి వచ్చేసరికి మాత్రం, “వాడికేమి, ఎక్కడున్నా పైకి వస్తాడు” అన్న మాటతో చర్చ ముగిసిపోతున్నది. ఆ మాట ఎంతవరకు నిజమో విచారించవలసి ఉన్నది.

గతాన్ని ఒకమారు చూడడం మంచిది. హైదరాబాదు సంస్థానంలో ప్రభుత్వోన్నత పాఠశాలలు బహు కొద్ది. బోధన ఉర్దూలో. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధన సాగించినది. తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన పిల్లవాడు లెక్కలు, శాస్త్రాలు నేర్వడానికి ముందు మరొక భాషను నేర్వవలసి వచ్చేది. పల్లెలలోని వారికి, అందులోను బాలికలకు, ఉన్నత పాఠశాల అన్నది అందని ద్రాక్షయే. కనుక ఆ కాలాన్ని స్వర్ణయుగమని చెప్పడం సత్యదూరం. అయినప్పటికి ఆనాటి విధానంలో ఒక గుణం ఉన్నది. పాఠశాలలో చెప్పినదే పరీక్షలో అడిగేవారు. ఆ పరీక్షలో వచ్చిన మార్కులే పైకళాశాలకు యోగ్యతా పత్రం. వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో 1921లో పుట్టిన పి.వి. నరసింహారావు హనుమకొండ ఉన్నత పాఠశాలలో చదువుకొని, వందేమాతర ఉద్యమం కారణంగా ఇక్కడి కళాశాలకు దూరమై, సంస్థానం వెలుపలికి పోయి కూడా శాస్త్రంలోను, న్యాయశాస్త్రంలోను పట్టాలు పొందగలిగినారు. పాఠశాలకు, కళాశాలకు నడుమ అప్పుడు మూడవ వ్యాపారం ఏదీ లేదు.

ఆ నడుమ ఖాళీ క్రమంగా ఏర్పడినది. 1969లో రెండేండ్ల ఇంటర్మీడియెట్ విధానం రావడంతో ఉన్నత పాఠశాలకు, వృత్తి కళాశాలకు మధ్య మరొక మజిలీ వచ్చినది. 1986లో ఎంసెట్ వచ్చినది. 2002లో ఇంజనీరింగుకు అఖిల భారత ప్రవేశ పరీక్ష, 2013లో దాని స్థానంలో జేఈఈ మెయిన్, పిమ్మట వైద్యవిద్యకు దేశమంతటికి ఒకటే నీట్ వచ్చినవి. ఈ పరీక్షలు పెట్టడంలో ఉద్దేశం దురుద్దేశం కాదు. ఒక్కొక్క బోర్డు ఒక్కొక్క తీరున మార్కులు ఇస్తున్నప్పుడు అందరినీ ఒకే త్రాసులో తూచడానికి ఏదో ఒక పరీక్ష కావలసినదే. కాని ఆ త్రాసు వేరు, పాఠశాల త్రాసు వేరు అయినవి. పాఠశాల విద్యార్థిని వివరించి వ్రాయమంటుంది. ప్రవేశ పరీక్ష నాలుగు జవాబులలో సరియైనదానిని గడియారం చూసుకుంటూ ఎన్నుకొమ్మంటుంది. పాఠశాల ఒక అధ్యాయాన్ని చెప్పి ఆ అధ్యాయంలో ప్రశ్న వేస్తుంది. ప్రవేశ పరీక్ష మూడు అధ్యాయాలను కలిపి ఒక ప్రశ్న వేస్తుంది. పదవ తరగతిలో నూటికి తొంభైయైదు తెచ్చుకున్న పిల్లవాడు రెండేండ్ల తరువాత ఈ రెండవ త్రాసులో తేలిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అయితే ప్రభుత్వ పాఠశాలలో బోధించేవారు తక్కువ వారా? కాదు. వారు డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ ముగించి, గట్టి పోటీ పరీక్షలో నెగ్గి వచ్చినవారు. అర్హతల దృష్ట్యా అనేక ప్రయివేటు పాఠశాలల ఉపాధ్యాయులకంటె మిన్న. లోపం వారిని కొలిచే కొలబద్దలో ఉన్నది. ప్రభుత్వం పాఠశాలను ఉత్తీర్ణతా శాతంతో కొలుస్తున్నది. జిల్లా అధికారి అడిగేది అదే. పత్రికలు ప్రకటించేది అదే. కనుక శీతకాలం వచ్చేసరికి ఉపాధ్యాయుల శ్రమ అంతా తప్పుతారని భయమున్న విద్యార్థుల మీదికి పోతున్నది. ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు వారికోసమే. ఇది న్యాయమే, తప్పబోయేవానిని నిలబెట్టడం పాఠశాలకు మొదటి ధర్మం. కాని అదే గదిలో ముందు వరుసలో కూర్చున్న బాలికకు ఆ మూడు నెలలలో కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు. ఆమె ఎలాగూ ఉత్తీర్ణురాలవుతుంది. ఆమెకు అరవై మార్కులు వచ్చినా, తొంభైయైదు వచ్చినా పాఠశాల శాతంలో ఆమె లెక్క ఒకటే. ఆమె అడిగిన కఠిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఉపాధ్యాయునికి మనసున్నా సమయం లేదు; సమయమున్నా, అది ఆయన విధిగా ఎక్కడా వ్రాసి లేదు. ఒక్కమాటలో చెప్పవలెనంటే, సామాన్య ప్రభుత్వ పాఠశాలలో ప్రతిభావంతులు ఎవరి బాధ్యతా కాకుండా ఉన్నారు.

ప్రభుత్వాలు ఈ సంగతి గుర్తించలేదని అనడం కూడా సరికాదు. గుర్తించి ఒక మార్గం తొక్కినవి. ఆ మార్గం, తెలివైన పిల్లలను సామాన్య పాఠశాలనుండి తీసి వేరొకచోట పెట్టడం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసినది. మరుసటి సంవత్సరం తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చినవి. ఆయనే కేంద్రంలో మానవ వనరుల శాఖ వహించిన కాలంలో నవోదయ విద్యాలయాల ఆలోచన దేశవ్యాప్తమైనది. వరంగల్లు సమీపాన మామునూరులో ఉన్నది అందులో ఒకటి. 2008లో గ్రామీణ విద్యార్థులకోసం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఆరేండ్ల చదువును ప్రారంభించినది. 2014 తరువాత తెలంగాణలో మైనారిటీలకు, వెనుకబడిన తరగతులకు వందల సంఖ్యలో కొత్త గురుకులాలు తెరువబడినవి. ఇంటిలో దీపం లేని పిల్లలకు వీటివల్ల దీపం దొరికినది. కూలి జనుల బిడ్డలు ఇంజనీర్లు, వైద్యులు అయినారు. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవారు సత్యాన్ని తక్కువ చేసి మాట్లాడినట్లే.

కాని ఆ మేలుకు చెల్లించిన మూల్యం ఒకటి ఉన్నది. నవోదయలో చేరవలెనంటే ఆరవ తరగతికి ముందే పరీక్ష వ్రాయవలెను. పలు గురుకులాలలో ఐదవ తరగతికే పరీక్ష. పదేండ్ల వయసులో ఒక ఆదివారం పూట జరిగే పరీక్షలో ఎవరు తెలివైనవారో తేలిపోతుందా? కొందరి బుద్ధి ఏడవ తరగతిలో వికసిస్తుంది. కొందరిది తొమ్మిదవ తరగతిలో ఒక మంచి లెక్కల మాస్టారు దొరికినప్పుడు వికసిస్తుంది. ఆలస్యంగా పూచిన చెట్టుకు ఈ ఏర్పాటులో చోటు చాల తక్కువ. మరొకటి. ప్రతి ఏటా తరగతిలోని చురుకైన నలుగురు పిల్లలు వెళ్లిపోతే, వారితోపాటు పాఠశాలను నిలదీసి అడిగే తల్లిదండ్రులు కూడా వెళ్లిపోతారు. మిగిలినవారికి పోటీ పడదగిన తోటివారు ఉండరు. ఉపాధ్యాయునికి పాఠం చెప్పాలన్న ఉత్సాహం సన్నగిల్లుతుంది. “తెలివైనవాళ్లు గురుకులానికి పోయినారు గదా” అన్న నిస్పృహ పాఠశాలలో స్థిరపడితే, అక్కడే ఉండిపోయిన తెలివైనవానిని చూసే కన్ను కూడా మూతపడుతుంది.

పదవ తరగతి దాటిన తరువాతి రెండేండ్లు ఇంకా కీలకమైనవి. ఆ రెండేండ్లలో ప్రయివేటు కళాశాలలు విద్యార్థిని తెల్లవారుజామున లేపి రాత్రి దాకా చదివిస్తున్నవి. ఆ పద్ధతిలో పసివారి ఆరోగ్యం, ఉల్లాసం ఎంతగా నలిగిపోతున్నవో తెలియనిది కాదు. ఆటస్థలం లేని మేడలలో, ర్యాంకు తప్ప మరొక మాట లేని గదులలో పదహారేండ్ల పిల్లలను బంధించడం విద్య అనిపించుకోదు. దానిని ఆదర్శంగా పెట్టుకొమ్మని ఎవ్వరూ చెప్పరు. అయితే దానికి ఎదుట ప్రభుత్వ జూనియర్ కళాశాల ఏమి ఇస్తున్నది? ఫీజు బాధ లేదు. మంచి అర్హతలున్న అధ్యాపకులు ఉన్నారు. కాని వారిలో చాలమంది ఏండ్ల తరబడి కాంట్రాక్టు పద్ధతిలో, రేపటిమీద భరోసా లేకుండా పని చేసినారు. 2023లో గాని వారిలో పలువురికి ఉద్యోగాలు స్థిరపడలేదు. మధ్యాహ్నం దాటితే కళాశాల ఖాళీ. పల్లెనుండి బస్సులో వచ్చిన విద్యార్థికి సాయంత్రం కూర్చుని చదువుకొనే గది లేదు, సందేహం అడిగేందుకు మనిషి లేడు. ఆడపిల్లల విషయంలో ఈ కష్టం రెట్టింపు. దూరపు హాస్టలుకు పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. దగ్గరి కళాశాలలో కావలసిన శిక్షణ ఉండదు. కొన్ని కస్తూరిబా విద్యాలయాలలో ఇంటర్మీడియెట్ పెట్టడం ఈ లోటు కొంత తీర్చినది. కాని కొంత మాత్రమే.

ఇక భాష సంగతి. సాహిత్య పత్రంలో ఈ విషయాన్ని గూర్చి కొంత విస్తరించి చెప్పడం అసందర్భం కాదు. తెలంగాణలో 2022-23 విద్యాసంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినారు. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పుస్తకాలు ముద్రించినారు. నీట్‌ను 2017 నుండి, జేఈఈ మెయిన్‌ను 2021 నుండి తెలుగులో కూడా వ్రాసే వీలు కలిగినది. కనుక ఇక భాష అడ్డు తొలగినదని కొందరు భావిస్తున్నారు. భాష అడ్డు అంటే మాధ్యమం ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన భ్రమ ఇది.

ఒక చిన్న ఉదాహరణ చూడవచ్చును. “నునుపైన వాలుతలం మీద విరామస్థితి నుండి జారిన వస్తువు రెండు సెకనుల పిమ్మట ఎంత వేగం పొందును?” అని ప్రశ్న. ఇందులో “నునుపైన” అన్న మాటకు ఘర్షణను లెక్కలోకి తీసుకోనక్కరలేదని అర్థం. “విరామస్థితి నుండి” అన్న మాటకు తొలివేగం సున్న అని అర్థం. ఈ రెండు మాటలను చదివి పట్టుకున్నవానికి సగం లెక్క పూర్తి అయినట్లే. పట్టుకోలేనివానికి సూత్రాలన్నీ కంఠస్థమై ఉన్నా అవి అక్కరకు రావు. ఇది భౌతికశాస్త్రమా, భాషా పాఠమా? రెండూను. వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తున్నదో చూసే అలవాటు తెలుగు తరగతిలో పడవలెను. పద్యానికి ప్రతిపదార్థం చెప్పించిన పాత ఉపాధ్యాయుడు, తెలిసో తెలియకో, ఈ అలవాటునే నేర్పినాడు. ఏ మాటను ఏ మాటతో అన్వయించవలెనో ఎరిగినవాడు ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నను కూడా త్వరగా విప్పుకోగలడు. మాతృభాషలో నాలుగు పంక్తుల వాక్యం చదివి సారం చెప్పలేనివానికి మాధ్యమం మార్చినంత మాత్రాన ఒరిగేది లేదు. వానికి ఒక కష్టం స్థానంలో రెండు కష్టాలు వస్తవి.

ఈ విషయంలో ఓరుగల్లుకు సంప్రదాయ బలం లేకపోలేదు. 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలసినది. పాఠశాలలో తెలుగు దొరకని కాలంలో గ్రంథాలయంలో తెలుగు చదివి తరాలు పెరిగినవి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియెట్ శాస్త్రగ్రంథాలను తెలుగులోకి తెచ్చినది. పుస్తకాలు ఉన్నవి. ప్రశ్నపత్రం కూడా తెలుగులో వస్తున్నది. ఆ రెండింటి నడుమ కావలసిన అభ్యాస గ్రంథాలు, కఠిన ప్రశ్నలకు వివరణలు తెలుగులో మిక్కిలి అరుదు. పాఠశాలలో గ్రంథాలయపు గంట కాలపట్టికలో ఉన్నచోట కూడా పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటున్నవి.

ఇంతవరకు చెప్పినదానికి కొన్ని ఆక్షేపణలు రావచ్చును. ప్రభుత్వ పాఠశాల ఉన్నది కొద్దిమందిని పెద్ద కళాశాలలకు పంపడానికా అని కొందరు అడుగుతారు. కాదు, అందరికీ చదువు చెప్పడానికే. కాని ఆ అందరిలో ఈ కొద్దిమందీ ఉన్నారు. వారు పేదలైనందువల్ల ఇక్కడికి వచ్చినారు. పేదవాని బిడ్డకు మధ్యమస్థాయి చదువు చాలునని ఏ ధర్మశాస్త్రం చెప్పినది? ప్రతిభ తన త్రోవ తానే వెదుకుకొంటుంది గదా అని మరికొందరంటారు. వారు ఆదిపర్వంలోని అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టాన్ని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అర్జునునితో సమానంగా విద్య చూపిన కర్ణుని కృపాచార్యుడు అడిగినది విద్యను గురించి కాదు, వంశాన్ని గురించి. నేటి ప్రవేశ పరీక్ష ఎవరి వంశమూ అడగదు. అంతవరకు లోకం ముందుకు వచ్చినది. కాని ర్యాంకు అడుగుతుంది. ఆ ర్యాంకు వెనుక రెండేండ్ల శిక్షణ, ఆ శిక్షణ వెనుక లక్షల రూపాయల ఫీజు ఉన్నప్పుడు, అడగకుండానే వంశం తెలిసిపోతున్నది.

ఇతర ప్రాంతాలు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నవో గమనించదగినది. తమిళనాడు 2020లో చట్టం చేసి, ఆరు నుండి పన్నెండవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలల్లో చదివి నీట్‌లో అర్హత పొందినవారికి వైద్య కళాశాలల సీట్లలో నూటికి 7.5 ప్రత్యేకించినది. 2021లో ఇంజనీరింగు, వ్యవసాయం, న్యాయశాస్త్రం మొదలైన చదువులకు కూడా దానిని విస్తరించినది. 2022లో మద్రాసు హైకోర్టు వైద్యవిద్యకు సంబంధించిన ఆ చట్టాన్ని సమర్థించినది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1997లో మరొక పద్ధతి అవలంబించినది. ఆ రాష్ట్రంలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా మొదటి పదవ వంతులో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రవేశం తప్పదని శాసించినది. ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయం విషయంలో 2009లో ఆ హామీకి హద్దు పెట్టవలసి వచ్చినా, మూల సూత్రం నిలిచే ఉన్నది. మన బాసర విశ్వవిద్యాలయమే, గ్రేడు పాయింట్లు ఉన్న కాలంలో, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన విద్యార్థుల సగటుకు 0.4 కలిపి ప్రవేశం నిర్ణయించినది. మెట్టలో పండిన పుట్టి ధాన్యం, మాగాణిలో పండిన పుట్టి ధాన్యం కొలతకు ఒకటే అయినా, పండించినవాని శ్రమ ఒకటి కాదని ఈ మూడు ఏర్పాట్లూ అంగీకరిస్తున్నవి.

తెలంగాణలో ఇటీవలి సంవత్సరాలలో జిల్లా జిల్లాకూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. సీట్లు పెరిగినవి. పెరిగిన సీట్లలో కొంత భాగాన్ని తమిళనాడు మాదిరిగా సామాన్య ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కేటాయించడం ఆలోచింపదగిన విషయం. దానివల్ల కలిగే రెండవ లాభం మొదటిదానికంటె గొప్పది. తమ పాఠశాలలోనే ఉండి చదివినా దారి ఉన్నదని తెలిసిన తల్లిదండ్రులు బిడ్డలను అక్కడే ఉంచుతారు. ఉంచినవారు పాఠశాలను అడుగుతారు.

అయితే సీటు ఇచ్చి చేతులు దులుపుకొంటే అది అపకారమే అవుతుంది. లోపలికి వచ్చిన విద్యార్థి మొదటి సంవత్సరంలోనే తడబడితే, ఆ తడబాటును చూపి అతని పాఠశాలనంతా నిందిస్తారు. కనుక సన్నాహం పాఠశాలలోనే మొదలు కావలెను. అందుకు కోట్ల రూపాయల పథకాలు అవసరం లేదు. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయునికి ఎనిమిది నుండి పది వరకు గల చురుకైన విద్యార్థుల బాధ్యత వ్రాతపూర్వకంగా అప్పగించి, అందుకు వారానికి నాలుగు గంటలు కేటాయించవచ్చును. 2008 నుండి ఎనిమిదవ తరగతివారికి జరుగుతున్న జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష, గెలిచినవారికి ఏడాదికి 12,000 రూపాయలు ఇచ్చే పరీక్ష, ఇందుకు మంచి ప్రారంభం. దానికి విద్యార్థులను గుర్తించి తయారు చేయడంతోనే ఈ పని మొదలు పెట్టవచ్చును. పాఠశాల నివేదికలో ఉత్తీర్ణతా శాతం పక్కన మరొక గడి చేర్చవచ్చును: ఈ పాఠశాలలో చదివినవారు రెండేండ్ల తరువాత ఎక్కడ చేరినారు? ఆ గడి నింపవలసి వచ్చిననాడు కొలబద్ద దానంతట అదే మారుతుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలల గదులను రాత్రి ఎనిమిది గంటల వరకు తెరచి, ఒక అధ్యాపకుని అందుబాటులో ఉంచవచ్చును. ఆడపిల్లలు ఇళ్లకు చేరేందుకు బస్సు వేళలను అందుకు తగినట్లు మార్చవచ్చును.

ఓరుగల్లుకు చాల జిల్లాలకు లేని వసతి ఉన్నది. సాంకేతిక విద్యాసంస్థ, వైద్య కళాశాల, విశ్వవిద్యాలయం ఒకే నగరంలో ఉన్నవి. ఆదివారాలలో వాటి ప్రయోగశాలలు ఎక్కువభాగం ఖాళీగానే ఉంటవి. నెలకు ఒక ఆదివారం చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల తొమ్మిది, పదవ తరగతుల పిల్లలకు వాటి తలుపులు తెరచితే, అక్కడ చదువుతున్న యువతీయువకులు వారికి ఒక ప్రయోగం చేసి చూపితే, ఒక కఠినమైన లెక్కను కలిసి చేయిస్తే, ఆ పిల్లలు నేర్చుకొనేది కొంచెమే కావచ్చును. కాని గోడకు ఇవతల పుట్టిన బిడ్డకు గోడకు అవతల ఏమున్నదో తెలుస్తుంది. శంకుస్థాపన జరిగి అరవైయేండ్లు దాటిన తరువాత కూడా పొరుగు పాఠశాల పిల్లలు ఆ విద్యాలయాన్ని బస్సు కిటికీలోనుండి మాత్రమే ఎరిగి ఉండడం నగరానికి శోభ కాదు.

ఇవన్నీ చేసిననాడు ప్రతి ఉన్నత పాఠశాలనుండి ప్రతి ఏటా ఒకరిద్దరు పెద్ద కళాశాలలకు పోతారని హామీ ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. కాని ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని, తనకు తెలిసిన పాఠాన్నే మూడవమారు వింటూ, కిటికీలోనుండి బయటికి చూస్తున్న బాలికను ఒక ఉపాధ్యాయుడు పేరుపెట్టి పిలిచి, ఆమెకు తగిన లెక్క ఒకటి ఇస్తాడు. ప్రభుత్వ విద్యాశాఖ, తల్లిదండ్రులు, ఈ నగరపు కళాశాలలు ముందుగా కుదుర్చుకొనవలసిన ఏర్పాటు అదే.